డాక్టరు జేకబ్ చేంబర్లేన్ దొరగారు – నరకమును గూర్చిన ప్రశ్న

మహనీయుల చరిత్రములను చదువుటవలన మనకు రెండు లాభములు కలుగుచున్నవి. వారు చేసిన కార్యములను చూచి మనము ఉత్సాహము పొందుదుము. వారి కాలమును కలతపెట్టిన ప్రశ్నలను చూచి మన ప్రశ్నలకు త్రోవ వెదకుకొందుము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల క్రైస్తవులకు డాక్టరు జేకబ్ చేంబర్లేన్‌గారి పేరు క్రొత్తది కాదు. ఆయన వైద్యుడనియు, బోధకుడనియు, తెలుగు బైబిలు సవరణకు పాటుపడినవాడనియు పెద్దలు చెప్పుచుందురు. ఆ జీవితమును ఈ సంవత్సరము మేమొక ప్రశ్న ప్రక్కన నిలిపి చూపదలచితిమి. మరణానంతరము పాపికి కలుగు శిక్ష యెట్టిది? అది అంతము గలదా, లేనిదా? సువార్త వినకయే కన్నుమూసిన వారి గతి యేమి? మన పాఠశాలలో క్రైస్తవ, హిందూ, మహమ్మదీయ బాలురు ఒకే బల్లమీద కూర్చుండి చదువుదురు. బాప్తిస్మము పొందిన కుమారునికి బాప్తిస్మము లేని తాత యుండుట మన యిండ్లలో సామాన్యము. కనుక ఈ ప్రశ్న మన గుమ్మము ముందరనే నిలిచియున్నది.

చేంబర్లేన్‌గారు 1835వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునందు షేరన్ అను ఊర జన్మించిరి. బాల్యము ఒహాయో రాష్ట్రమునందలి హడ్సన్ అను ఊర గడచెను. 1856లో వెస్టర్న్ రిజర్వు కళాశాలయందు పట్టము పొంది, పిమ్మట న్యూ బ్రన్స్‌విక్ నందలి రిఫార్మ్‌డు సంఘపు దైవశాస్త్ర పాఠశాలలో చేరి 1859లో విద్య ముగించిరి. అంతటితో తృప్తి నొందక వైద్యశాస్త్రమును గూడ అభ్యసించిరి. ఆ సంవత్సరాంతమున భార్యయగు షార్లెట్ దొరసానిగారితో ఓడనెక్కి 1860లో మద్రాసు రేవున దిగిరి.

ఆయన చేరిన ఆర్కాటు మిషను 1853లో స్కడ్డరు సోదరులైన హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ అనువారిచే స్థాపింపబడెను. 1857 మొదలుకొని అది అమెరికా రిఫార్మ్‌డు సంఘము క్రింద నడచెను. ఈ సోదరుల తండ్రి జాన్ స్కడ్డరు గారు న్యూయార్కునందు మంచి పేరుగల వైద్యులు. ఒకనాడు ఒక రోగి యింట వారికొక చిన్న పుస్తకము కనబడెను. సువార్త వినని కోట్లకొలది ప్రజలను గూర్చి అందు వ్రాయబడియుండెను. దానిని చదివిన పిమ్మట ఆయన తన వైద్యవృత్తిని విడిచి 1819లో సింహళమునకు ప్రయాణమయ్యెను. ఆ కాలపు మిషనరీలను సముద్రములు దాటించిన బలము ఏదియో దీనివలన తెలియుచున్నది. వినక చనిపోవువారు నశించిపోవుదురను భయము, వారిపైని జాలి, ఈ రెండును కలిసి వారిని నిద్రపోనియ్యకుండెను. చేంబర్లేన్‌గారును అట్టి యింటి గాలి పీల్చి పెరిగినవారే.

మొదట పలమనేరునందుండి భాష నేర్చుకొని, 1863లో ఆయన మదనపల్లెకు కాపురము వచ్చెను. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలోనిది; పుంగనూరు, కుప్పము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. పుంగనూరునకు జమీందారులు ప్రభువులు. కుప్పము కంగుంది జమీకి చేరినది. ఈ మూడును 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు దానియందు చేరినవి. తెలుగు, అరవము, కన్నడము మూడును కలిసికొను సీమ యిది. ఇచ్చట బోధకునికి ఒక్క భాష చాలదు. అయినను నరకమను మాటకు మాత్రము దుబాసీ అక్కరలేదు. స్వల్పభేదముతో ఆ మాట మూడు భాషలలోను ఉన్నది. కష్టమంతయు అచ్చటనే యుండెను.

ఏలయన మాట యొకటే యైనను భావము వేరు. మన దేశపు పురాణములలో నరకములు అనేకములు. భాగవతము 28 నరకములను పేర్కొనుచున్నది. గరుడపురాణమును చావు జరిగిన యిండ్లలో చదివించుకొనువారు యమభటులను, వైతరణీ నదిని ఎరుగుదురు. అయినను ఆ నరకవాసమునకు గడువు కలదు. చేసిన పాపమునకు తగినంత కాలము బాధపడి, జీవుడు మరల జన్మ మెత్తును. కొడుకు పుట్టినయెడల పున్నామ నరకము తప్పునని ముసలమ్మలు చెప్పుదురు. ఇట్లు మన సీమవారికి నరకమనగా చెరసాల వంటిది. శిక్ష తీరినంతనే విడుదల కలదు. 13వ శతాబ్దమునందు మధ్వాచార్యులవారు మాత్రము కొందరు జీవులకు నిత్యనరకము కలదని బోధించిరి. కన్నడ దేశమునకు చేరువగానున్న మన ప్రాంతమున మాధ్వుల యిండ్లు లేకపోలేదు. అయినను సామాన్య జనులు ఆ మతమును ఎరుగరు. కాబట్టి నరకమును గూర్చి మిషనరీ ఎంత గట్టిగా చెప్పినను, వినువారు తమ తాతల నాటి నరకమునే తలంచుకొని తల యూపుచుండిరి. ఆ నరకము నిత్యమని చెప్పినప్పుడు మాత్రము ప్రశ్నలు పుట్టెను. అరువదేండ్ల జీవితమున చేసిన తప్పునకు అంతులేని శిక్ష యేల? మా పెద్దలు వినని బోధకు మా పెద్దలను శిక్షింపవచ్చునా? హిందూదేశమున పనిచేసిన మిషనరీలు అనేకులు ఈ ప్రశ్నలను ఎదుర్కొనిరి.

చేంబర్లేన్‌గారు జనులయొద్దకు ఏ త్రోవను పోయిరో వారి ప్రయాణములను చూచిన తెలియును. 1863లో ఆయన కొందరు దేశీయ సహాయకులను వెంటబెట్టుకొని, బండ్లనిండ సువార్త ప్రతులను నింపుకొని, మందుల పెట్టె యొకటి తీసికొని, నైజాము రాజ్యముగుండ గోదావరి తీరము వరకు బయలుదేరెను. ప్రాకారముగల ఒక పట్టణమున జనులు కోపించి, రాళ్లు చేతబట్టుకొని వారిని చుట్టుముట్టిరి. అప్పుడాయన పరుగెత్తక, మొదట నొక కథ విని పిమ్మట మీకు తోచినట్లు చేయుడని వేడుకొనెను. ఏసుక్రీస్తు పుట్టుకయు, రోగులపట్ల ఆయన కరుణయు, తుదకు ఆయన సిలువ మరణమును వారికి కథగా చెప్పెను. వినుచుండగా కొందరు రాళ్లను జారవిడిచిరి. కొందరు కన్నీరు తుడిచికొనిరి. కడపట అనేకులు సువార్తలను కొని తీసికొనిపోయిరి. ఈ వృత్తాంతమును ఆయనయే వ్రాసియున్నాడు. ఇందు మేము గమనించున దొకటి కలదు. చేత రాయిపట్టినవానికి ఆయన అగ్నిని చూపలేదు, సిలువను చూపెను. భయపెట్టుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. అయినను ఆయన ప్రేమకథనే ఎంచుకొనెను.

ఆ యాత్రయందే గోదావరి పొంగియుండగా, వెనుకకు పోవుటకు వీలులేక, ముందు పులులుగల అడవిలో చీకటిపడుచుండగా, ఆయన ప్రార్థించి ఏటి గట్టునకు త్రోవ మరలించెను. అచ్చట పైనుండి కొట్టుకొనివచ్చిన పడవయొకటి గట్టునకు చేరియుండెను. ఆ రాత్రి వారందరు దానిలో తలదాచుకొనిరి. ఈ కథవలననే ఆయన 1896లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథమునకు ఇన్ ది టైగర్ జంగిల్ అను పేరు వచ్చెను. 1900లో ది కోబ్రాస్ డెన్ అను మరియొక గ్రంథము వెలువడెను. ఈ రెండు పుస్తకములవలన మదనపల్లె పేరు అమెరికా దేశపు ఇండ్లలోనికి ప్రవేశించెను.

మదనపల్లెలోను పలమనేరులోను ఆయన వైద్యశాలలు నడపెను. వైద్యశాల వాకిట కులమును అడుగువారు లేరు, మతమును అడుగువారు లేరు. తెల్లవారకముందే బండ్లు కట్టుకొని పల్లెలనుండి వచ్చిన రోగులకు మొదట వాక్యము చదివి వినిపించి, పిమ్మట మందిచ్చుట ఆ కాలపు మిషను వైద్యశాలల వాడుక. విన్నవాడు నమ్మినను నమ్మకపోయినను మందు మాత్రము ఒక్కటే. తరువాతి కాలమున మదనపల్లెయందు స్త్రీల కొరకు మేరీ లాట్ లైల్స్ వైద్యశాలయు, ఆరోగ్యవరమునందు క్షయరోగుల శానిటోరియమును వెలసినవి. ఇవి ఆ తొలి వైద్యశాలల బాటనే నడచినవి.

ఇక మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరయైన ఆయన కార్యము తెలుగు బైబిలు సవరణ. తెలుగున క్రొత్త నిబంధన 1818లోను, సంపూర్ణ బైబిలు 1854లోను అచ్చుపడెను. వానిని సవరించుటకై యేర్పడిన సంఘమునకు 1873 మొదలు 1894 వరకు చేంబర్లేన్‌గారు అధ్యక్షులుగా నుండిరి. పరలోక భూలోకముల మాటలు తేలికగా దొరకును. శిక్షాస్థలమునకు మాట దొరకుట కష్టము. హెబ్రీ భాషయందు షెయోల్ అనగా చనిపోయినవారందరును చేరు చీకటిలోకము. నీతిమంతుడును అచ్చటికే, దుష్టుడును అచ్చటికే. గ్రీకున దానికి హేడిస్ అను పేరు. గెహెన్నా అనునది వేరు. అది యెరూషలేము ప్రక్కనున్న హిన్నోము లోయ. పూర్వము కొందరు తమ బిడ్డలను మోలెకు దేవతకు అగ్నిలో అర్పించిన చోటు. క్రొత్త నిబంధనయందు ఈ మాట 12 సారులు వచ్చుచున్నది. అందు ఒక్కటి తప్ప తక్కినవన్నియు ఏసు ప్రభువు నోటివే. పాత ఆంగ్ల బైబిలునందు ఈ వేరువేరు మాటలను అనేక చోట్ల హెల్ అను ఒక్క మాటతోనే చెప్పిరి. 1881లో ఆంగ్లేయులు క్రొత్త నిబంధనను సవరించినప్పుడు హేడిస్‌ను వేరుగా ఉంచిరి.

మన తెలుగు బైబిలునందు షెయోల్, హేడిస్‌లకు పాతాళమను మాటయు, గెహెన్నాకు నరకమను మాటయు నిలిచినవి. ఇది మంచి యేర్పాటే. అయినను ఈ రెండు మాటలును ఖాళీగా రాలేదు. ప్రతి దానియందును పూర్వపు కాపురస్థులున్నారు. పాతాళమనగానే మనవారికి బలిచక్రవర్తియు నాగలోకమును జ్ఞప్తికి వచ్చును. నరకమనగానే యముడును చిత్రగుప్తుడును కన్నులకు కట్టుదురు. ఇక శిక్షకు ముందు వచ్చు విశేషణము గ్రీకున అయోనియోస్. దానికి మనవారు నిత్యమని వ్రాసిరి. ఆ మాటకు అంతములేని కాలమని అర్థమా, రాబోవు యుగమునకు చెందినదని అర్థమా, అని పండితులు వాదించుకొనుచునే యున్నారు. తరగతియందు ఒక పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుటకే మేమెంతో తడబడుదుము. ఒక్క విశేషణముపై కోట్ల ప్రజల గతి ఆధారపడినట్లు తోచునప్పుడు ఆ సవరణకర్తల బల్లమీది బరువు ఎంతటిదో మీరే యూహింపుడు.

క్రైస్తవ లోకమంతయు ఈ విషయమున ఏకాభిప్రాయముతో నుండెనని తలంపరాదు. 3వ శతాబ్దమునందు అలెగ్జాండ్రియా పట్టణపు ఓరిజెన్ అను మహాపండితుడు దేవుని అగ్ని శుద్ధిచేయు అగ్ని యనియు, కడపట సమస్తమును దేవునియొద్దకు మరలుననియు ఆశించెను. 4వ శతాబ్దపు నీసా గ్రెగోరి గారును ఇట్టి నిరీక్షణ కలవారే. సంఘము ఆయనను పరిశుద్ధునిగా ఎంచుచునే వచ్చినది. ఓరిజెన్ పేరిట వ్యాపించిన బోధలు మాత్రము 6వ శతాబ్దమున ఖండింపబడెను. అగస్టీన్ గారు నీతిమంతుల జీవము ఎట్లు అంతములేనిదో దుష్టుల శిక్షయు అట్లే అంతములేనిదని వాదించిరి. పాశ్చాత్య సంఘము, పిమ్మట సంస్కర్తలు, చాలవరకు ఈ త్రోవనే నడచిరి. రోమను సంఘమువారు నరకముగాక, పరలోకమునకు పోవువారిని శుద్ధిచేయు స్థలము వేరొకటి కలదని నమ్ముదురు. మరికొందరు దుష్టులు అనంతకాలము బాధపడరనియు, తుదకు లేకుండ పోవుదురనియు చెప్పుదురు. ఇంగ్లాండునందు ఎడ్వర్డు వైట్ గారు 1846లో ఈ మతమును వ్రాసి ప్రకటించిరి; సెవెంత్ డే అడ్వెంటిస్టులును ఇట్లే బోధింతురు.

చేంబర్లేన్‌గారి సంఘమునకు హైడెల్బర్గు ప్రశ్నోత్తరి ప్రమాణము. 1563లో వెలువడిన ఆ పుస్తకము దేవుని న్యాయమును బట్టి పాపమునకు నిత్యశిక్ష కలదని స్పష్టముగా నేర్పుచున్నది. అదే పుస్తకము విశ్వాస ప్రమాణములో క్రీస్తు పాతాళమునకు దిగెనను మాటకు వింతయైన అర్థము చెప్పుచున్నది. ఆయన సిలువపైనను అంతకుముందును తన ఆత్మయందు అనుభవించిన ఘోరవేదనయే ఆ దిగుట యనియు, అందువలన విశ్వాసి తన కష్టకాలమున ధైర్యము తెచ్చుకొనవచ్చుననియు దాని తాత్పర్యము. నరకమును గూర్చిన మాటను అది భయమునకుగాక ఓదార్పునకు ఉపయోగించుచున్నది. ప్రాకారపు పట్టణమున రాళ్లు పట్టినవారికి చేంబర్లేన్‌గారు చెప్పిన కథకును ఈ బోధకును పొత్తు కుదురుచున్నదని మాకు తోచుచున్నది.

ఆయన బైబిలు సవరణలో నుండిన సంవత్సరములలోనే పశ్చిమ దేశములలో ఈ వివాదము మండిపోవుచుండెను. 1853లో ఎఫ్. డి. మారిస్ అను పండితుడు నిత్యమను మాటకు చెప్పిన అర్థము కొరకై లండను నందలి కింగ్స్ కళాశాలలో తన పదవిని పోగొట్టుకొని యుండెను. 1877లో ఫారర్ గారు వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున ఈ విషయముపై ప్రసంగించి దేశమంతయు కలవరపరచిరి. 1886లో ఆ తరంగము హిందూదేశపు మిషనులను తాకెను. అహమ్మదునగరమున పనిచేయుచుండిన రాబర్టు హ్యూమ్ గారు అమెరికాకు సెలవుపై పోయి, సువార్త వినక చనిపోయినవారికి మరణానంతరము ఒక అవకాశ ముండవచ్చునని పలికిరి. అట్టి నమ్మకమున్నచో మిషనరీ పని చల్లారిపోవునని అమెరికన్ బోర్డులో అనేకులు భయపడి, ఆయనను మరల పంపుటకు కొంతకాలము అంగీకరింపలేదు. మరుసటి యేట ఆయన తిరిగి వచ్చి, అహమ్మదునగరముననే దీర్ఘకాలము కష్టపడి పనిచేసెను. ఆయన విషయమున ఆ భయము నిజము కాలేదు. నరకమును గూర్చి ఒక విధముగ తలంచిన హ్యూమ్ గారును, కఠినమైన ప్రశ్నోత్తరికి కట్టుబడిన చేంబర్లేన్‌గారును, ఒకే దేశమున ఒకే విధముగ తమ ఆయువును ధారపోసిరి.

మదనపల్లె పట్టణమునకే ఈ విషయమున మరియొక సంబంధము కలదు. 1915లో ఇచ్చట కళాశాల స్థాపించిన అనీ బిసెంటమ్మగారు మొదట ఇంగ్లాండున ఒక క్రైస్తవ గురువుగారి భార్య. 1871లో తన బిడ్డ కోరింతదగ్గుతో ప్రాణాపాయ స్థితిలోనుండగా ఆమె విశ్వాసము కదలిపోయెను. నిత్యశిక్ష బోధ ఆమె సహింపలేని వానిలో నొకటి. పిమ్మట ఆమె ఆ బోధను ఖండించుచు చిన్న పుస్తకమే వ్రాసెను. చాల సంవత్సరముల తరువాత దివ్యజ్ఞాన సమాజమున చేరి పునర్జన్మమును బోధించెను. ఆమె తీసికొనిన త్రోవ మనది కాదు. అయినను మంచముపైని బిడ్డను చూచి ఒక తల్లి అడిగిన ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. జాగ్రత్త లేక నరకమును బోధించుటవలన ఎందరు ద్వారమునుండియే మరలిపోవుదురో బోధకులైనవారు ఆలోచింపవలెను.

చేంబర్లేన్‌గారి కడపటి సంవత్సరములు వ్యాధితోను కష్టముతోను గడచినవి. అయినను పని మానలేదు. రిఫార్మ్‌డు సంఘపు ఆరాధన క్రమమును, అనేక కీర్తనలను తెలుగు చేసిరి. పలమనేరు దైవశాస్త్ర పాఠశాలకు అమెరికాయందు మూలధనము కూర్చిరి. అందు ఉపాధ్యాయులుగను పనిచేసిరి. తెలుగున బైబిలు నిఘంటువొకటి సిద్ధపరచుటకు పూనుకొనిరి. 20వ శతాబ్దారంభమున ఆర్కాటు మిషను సంఘములును స్కాట్లండు మిషను సంఘములును ఏకమైనప్పుడు ఆ సినడునకు ప్రథమాధ్యక్షులైరి. ఆ ఐక్యత 1908లో దక్షిణ హిందూదేశ ఐక్యసంఘముగను, 1947లో దక్షిణ ఇండియా సంఘముగను పెరిగెను. ఆయన మాత్రము 1908 మార్చి 2వ తేదీన మదనపల్లెయందే 72 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆయన కుమారులును ఈ మిషనునందే సేవచేసిరి.

ఇక ప్రశ్న మాట యేమి? విద్యార్థులు మమ్ము ఈ విషయమై అడుగుచుందురు. బాప్తిస్మము లేక చనిపోయిన మా అవ్వ యెక్కడ నున్నదని అడిగిన బిడ్డకు, ఆమె నరకమున నున్నదని చెప్పుటకు ఏ ఉపాధ్యాయునికిని అధికారము లేదు. తీర్పు దేవుని చేతిలోనిది. ఆ సింహాసనమున మనకు కుర్చీ వేయలేదు. అట్లని శిక్షయే లేదని చెప్పి పాపమును ఆటవస్తువుగా చేయుటకును మాకు అధికారము లేదు. పైని చెప్పిన మతములన్నియు ఎంత వేరైనను కొన్ని విషయములలో కలియుచున్నవి. దేవుడు అన్యాయము చేయడు. పాపము తన ఫలము నియ్యక మానదు. బలహీనుని బాధించి దాచుకొనిన తప్పు మరణముతో మాసిపోదు. దేవుని కరుణ మన కరుణకంటె చిన్నది కాజాలదు. ఈ నాలుగును గట్టిగా పట్టుకొనినవాడు తక్కిన విషయములను ఓపికతో చదువుకొనవచ్చును. వేరు మతముగల సోదరునితో కోపములేక మాటలాడవచ్చును.

నరకమను మాటను ఇతరుల తలపై వేయుట సులభము. కోపము వచ్చినప్పుడు ఆటస్థలమున మన బాలురే దానిని తిట్టుగా వాడుదురు. చేంబర్లేన్‌గారు ఆ మాట బరువు నెరిగిన సంఘమున పెరిగిరి. ఆ బరువును ఇతరులపై మోపక, తమ భుజములపై మందుల పెట్టెగా మోసికొనిపోయిరి. విద్యార్థులారా, మీలో కొందరు వైద్యులగుదురు, కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు బోధకులగుదురు. పుంగనూరు పల్లెలలోనైనను, కుప్పము సరిహద్దు గ్రామములలోనైనను, మీ యొద్దకు వచ్చువాని పరలోక గతిని నిర్ణయించుటకు ముందు, వాని జ్వరమునకు మందును, వాని ఆకలికి అన్నమును, వాని అజ్ఞానమునకు అక్షరమును ఇయ్యుడు. కడపటి తీర్పును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమున నీతిమంతులను అడిగినది ఇదియే గదా. ఆ దినమున మనమందరము ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుకొనగల వారమగునట్లు దేవుడు మన పాఠశాలను దీవించును గాక.